నరం నుంచి నునుపు కండరానికి

పేగుల గోడల్లో, రక్తనాళాల చుట్టూ, మూత్రాశయంలో, గర్భాశయంలో, కంటిపాప అంచున ఉండే కండరాన్ని నునుపు కండరం అంటారు. చేతి కండరాన్నో కాలి కండరాన్నో సూక్ష్మదర్శిని కింద పెడితే అడ్డచారలు కనిపిస్తాయి. ఇందులో ఆ చారలు ఉండవు కాబట్టి ఈ పేరు వచ్చింది. ఇది మనిషి తలచుకుంటే కదలదు, వద్దనుకుంటే ఆగదు. తిన్న అన్నాన్ని పేగుల్లో ముందుకు నెట్టేది, కూర్చున్న మనిషి లేచి నిలబడగానే రక్తనాళాలను బిగించి కళ్లు తిరగకుండా కాపాడేది, చీకట్లో కంటిపాపను పెద్దది చేసేది ఈ కండరమే. దీనికి ఆజ్ఞలు తెచ్చేవి స్వయంచోదిత నాడీవ్యవస్థకు చెందిన నరాలు. ఆజ్ఞ నరం వెంట విద్యుత్తుగా వస్తుంది, కండరకణంలో మళ్లీ విద్యుత్తుగా పుడుతుంది. మధ్యలో ఏం జరుగుతుందో తేలడానికి నూట ముప్ఫై ఏళ్లకు పైగా పట్టింది. తెలిసిన మందులన్నీ వేసి నరం ప్రభావాన్ని అణచివేశాక కూడా కొంత స్పందన మిగిలిపోతూ వచ్చింది. ఈ చరిత్రను ముందుకు నడిపింది ప్రధానంగా ఆ శేషమే.

కోసిన నరం, వేడెక్కిన చెవి

నరానికీ కండరానికీ విద్యుత్తుతో సంబంధం ఉందని చూపినవారు ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన లుయీజీ గాల్వానీ. కప్ప కాళ్లపై చేసిన ప్రయోగాలను ఆయన 1791లో ప్రచురించారు. కాలి కండరం ఎముకను కదిలించే కండరం. లోపలి అవయవాల కండరాన్ని కూడా నరాలే నడుపుతాయని గట్టిగా చెప్పడానికి మరో అరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ ఆధారం కుందేలు చెవిలో దొరికింది. కుందేలు చెవి పలచగా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి రక్తనాళాలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. 1850ల తొలినాళ్లలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్ కుందేలు మెడలో ఒక పక్క సహానుభూత (సింపథెటిక్) నరాన్ని, అంటే స్వయంచోదిత నరాల్లో ఒక రకాన్ని, కోశారు. ఆ పక్క చెవి ఎర్రబడింది, తాకితే తెలిసేంతగా వేడెక్కింది. రెండో చెవి మామూలుగానే ఉంది. తెగిన నరంలో చెవివైపు కొసకు విద్యుత్ ప్రేరణ ఇస్తే నాళాలు సన్నబడి చెవి పాలిపోవడాన్ని 1852లో బ్రౌన్ సెకార్, ఆ వెంటనే బెర్నార్ చూశారు. నరం ఎడతెగకుండా ఆజ్ఞలు పంపుతూ నాళాల గోడలను కొంత బిగువులో ఉంచుతోందని దీంతో తేలింది. ఆ ఆజ్ఞను బయటి నుంచి విద్యుత్తుతో అనుకరించవచ్చనీ తేలింది.

లోపలి అవయవాల నరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో పటం గీసినవారు కేంబ్రిడ్జికి చెందిన జాన్ లాంగ్లీ. ఈ నరాలు వెన్నుపాము నుంచి సూటిగా అవయవానికి వెళ్లవు. దారిలో నాడీకణాలు గుమిగూడిన ముడుల దగ్గర ఆగి, అక్కడి నుంచి కొత్త కణాలతో ముందుకు సాగుతాయి. ఆ ముడులను గాంగ్లియా అంటారు. 1889లో లాంగ్లీ, విలియం డికిన్సన్ కలిసి పొగాకులోని నికోటిన్ ద్రావణాన్ని కుంచెతో ఆ ముడి మీద పూశారు. ముడికి ముందు భాగంలో నరాన్ని ప్రేరేపిస్తే అవయవంలో ఏ మార్పూ రాలేదు. ముడి దాటాక ప్రేరేపిస్తే ఎప్పటిలాగే మార్పు వచ్చింది. అంటే నికోటిన్ దెబ్బతీసింది నరాన్ని కాదు, ముడిలోని కలయిక చోటును. ఇలా ఒక్కొక్క ముడికీ మందు పూస్తూ ఆయన మొత్తం వ్యవస్థను విడదీసి చూపారు. 1898లో దానికి స్వయంచోదిత నాడీవ్యవస్థ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఆ పరిశోధకుల చేతిలో ఉన్న మరో మందు అట్రోపిన్. ఉమ్మెత్తలో ఉండే విషాల్లో ఇదొకటి. కంటి పరీక్షకు ముందు పాపను పెద్దది చేసే చుక్కల మందుల్లో దీన్నీ వాడతారు. ఇది చాలా అవయవాల్లో నరాల ప్రభావాన్ని ఆపేస్తుంది. అయితే మూత్రాశయానికి వెళ్లే నరాన్ని ప్రేరేపించినప్పుడు, అట్రోపిన్ ఇచ్చాక కూడా మూత్రాశయం ముడుచుకోవడాన్ని లాంగ్లీ, హ్యూ ఆండర్సన్ 1895లోనే నమోదు చేశారు. అట్రోపిన్ ఇచ్చిన జంతువులో, మెదడు నుంచి గుండెకూ జీర్ణాశయానికీ దిగే వేగస్ నరాన్ని ప్రేరేపిస్తే జీర్ణాశయం సడలుతుందని 1898లో లాంగ్లీ రాశారు. ఆ శేషానికి అప్పట్లో వివరణ లేదు.

రవ్వా, రసమా

నరం కొసకూ కండరానికీ మధ్య ఎంత సన్ననిదైనా ఒక ఎడం ఉంటుంది. ఆజ్ఞ ఆ ఎడాన్ని ఎలా దాటుతుంది? విద్యుత్తు నిప్పురవ్వలా దూకుతుందని ఒక వాదం, నరం కొస నుంచి ఏదో రసాయనం ఊరి కండరాన్ని తాకుతుందని మరో వాదం. అర్ధ శతాబ్దం పాటు రవ్వ పక్షం, రసం పక్షం వాదించుకున్నాయి.

రసం వాదానికి తొలి మాట లాంగ్లీ శిష్యుడు థామస్ ఇలియట్‌ది. ఎడ్రినలిన్‌ను సూదితో ఎక్కిస్తే వచ్చే ఫలితాలు, సహానుభూత నరాలను ప్రేరేపిస్తే వచ్చే ఫలితాలు ఒకేలా ఉన్నాయని గమనించి, నరం కొసలో ఎడ్రినలినే విడుదలవుతూ ఉండవచ్చని ఆయన 1904లో సూచించారు. 1921లో ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో ఓటో లోవి నరం ఆజ్ఞ రసాయనం ద్వారానే వెళ్తుందని రెండు కప్ప గుండెలతో రుజువు చేశారు. మొదటి గుండెకు వేగస్ నరాన్ని ఉంచి ప్రేరేపించారు, దాని కొట్టుకునే వేగం తగ్గింది. ఆ గుండెను తడిపిన ద్రవాన్ని తీసి రెండో గుండెలో పోశారు. ఏ నరమూ తాకని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. ఆ ద్రవంలోని పదార్థం అసిటైల్ కోలిన్ అని తర్వాత తేలింది. ఇంగ్లండులో హెన్రీ డేల్, హెరాల్డ్ డడ్లీ 1929లో ఎద్దు, గుర్రం ప్లీహాల నుంచి అసిటైల్ కోలిన్‌ను వేరుచేసి, అది శరీరంలో సహజంగా ఉండే పదార్థమేనని చూపారు. లోవి, డేల్‌లకు 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. సహానుభూత నరాల పదార్థం ఎడ్రినలిన్ కాదు, దాని దగ్గరి బంధువు నార్ ఎడ్రినలిన్ అని 1946లో స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ నిరూపించారు.

రవ్వ పక్షానికి పెద్ద దిక్కు ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ఎకిల్స్. 1951లో వెన్నుపాములోని నాడీకణాలపై తాను చేసిన ప్రయోగమే తన వాదానికి వ్యతిరేకంగా రావడంతో ఆయన దాన్ని బాహాటంగా వదులుకున్నారు. దాంతో ఒక పాఠం స్థిరపడింది. శరీరంలో రెండే రకాల స్వయంచోదిత నరాలు ఉంటాయి, ఒకటి అసిటైల్ కోలిన్‌ను, మరొకటి నార్ ఎడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది అన్నదే ఆ పాఠం. 1895 నాటి మూత్రాశయం, 1898 నాటి జీర్ణాశయం ఆ పాఠంలో ఇమడలేదు.

పంచదార నీరు, గాజు మొన

రసాయనం కండరకణాన్ని తాకాక ఆ కణంలో ఏం జరుగుతుందో చూడాలంటే దాని లోపలి వోల్టేజిని కొలవాలి. ప్రతి కణత్వచానికీ లోపలా బయటా వోల్టేజి తేడా ఉంటుంది. దాన్ని శక్మం అంటారు. విశ్రాంతిలో ఉన్న నునుపు కండరకణం లోపలి భాగం బయటికంటే 50 నుంచి 70 మిల్లీవోల్టులు రుణాత్మకంగా ఉంటుంది. ఈ తేడా తగ్గుతూ ఒక హద్దు దాటితే కణంలో క్రియాశక్మం అనే చురుకైన విద్యుత్ అల ఎగసి కండరం ముడుచుకుంటుంది. తేడా ఇంకా పెరిగితే కండరం నెమ్మదిస్తుంది.

కొలవడమే కష్టం. నునుపు కండరకణం కదురు ఆకారంలో ఉంటుంది. పొడవు కొన్ని వందల మైక్రోమీటర్లు ఉన్నా, వెడల్పు 2 నుంచి 5 మైక్రోమీటర్లే. మనిషి తలవెంట్రుక మందంలో సుమారు ఇరవయ్యో వంతు. పైగా అది ముడుచుకుంటూ, సాగుతూ ఉంటుంది. షికాగోలో గిల్బర్ట్ లింగ్, రాల్ఫ్ జెరార్డ్ 1949లో వివరించిన గాజు సూక్ష్మ ఎలక్ట్రోడ్ దీనికి దారి చూపింది. సన్నని గాజు గొట్టాన్ని మధ్యలో వేడిచేసి రెండు వైపులా లాగితే, అది సాగి తెగే చోట మైక్రోమీటర్ కన్నా సన్నని మొన వస్తుంది. లోపల ఉప్పు ద్రావణం నింపితే ఆ మొనే విద్యుత్ తీగలా పనిచేస్తుంది. త్వచాన్ని గుచ్చినా కణం చావదు.

దీన్ని నునుపు కండరానికి పట్టుదలగా వాడినవారు ఆక్స్‌ఫర్డ్‌లోని ఈడిత్ బుల్‌బ్రింగ్. 1903లో బాన్‌లో పుట్టిన ఆమె, నాజీల పాలన మొదలైన 1933లో జర్మనీ వదిలి ఇంగ్లండు చేరారు. గినీపంది పెద్దపేగు మీద పొడవునా సాగే సన్నని కండరపు పట్టీని ఆమె ఎంచుకున్నారు. ఆ పట్టీలో కణాలన్నీ ఒకే దిశలో పడుకుని ఉంటాయి. ఏ నరాన్నీ ప్రేరేపించకపోయినా ఆ కణాల్లో క్రియాశక్మాలు వాటంతట అవే పుడుతున్నాయని, పట్టీని సాగదీస్తే అవి మరింత తరచుగా వస్తున్నాయని, బిగువు వాటి వెంటే పెరుగుతోందని 1954, 1955లలో ఆమె చూపారు. ఆ ప్రయోగశాలలో శిక్షణ పొందినవారు తర్వాత ఎన్నో దేశాల్లో ఈ విద్యను నాటారు.

ఆక్స్‌ఫర్డ్‌లోనే జెఫ్రీ బర్న్‌స్టాక్ మరో పద్ధతిని నునుపు కండరానికి మలిచారు. కండరపు పట్టీ మధ్య భాగం చుట్టూ స్వచ్ఛమైన పంచదార ద్రావణాన్ని పారిస్తారు. పంచదార నీటిలో విద్యుత్తు పారదు కాబట్టి, ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్లే ప్రవాహం కణాల లోపలి నుంచే వెళ్లాలి. అప్పుడు రెండు కొసల దగ్గర బయట పెట్టిన ఎలక్ట్రోడ్లతోనే లోపలి మార్పులను పసిగట్టవచ్చు. రోబెర్ట్ ష్టెంప్‌ఫ్లీ 1954లో నరాల కోసం రూపొందించిన ఈ పద్ధతిని బర్న్‌స్టాక్, రాల్ఫ్ ష్ట్రౌబ్ 1958లో నునుపు కండరానికి అన్వయించారు. కండరం కదిలినా చెదరదు, గంటల తరబడి కొలవవచ్చు. ఆ సౌకర్యం తర్వాత చాలా అక్కరకు వచ్చింది.

మెల్‌బోర్న్‌లో తెరమీది గీత

నరం ఆజ్ఞ నునుపు కండరకణంలో విద్యుత్తుగా మారడం తొలిసారి కనిపించింది మెల్‌బోర్న్‌లో. ఆక్స్‌ఫర్డ్ నుంచి 1959లో అక్కడికి వెళ్లిన బర్న్‌స్టాక్, భౌతికశాస్త్రం చదివి బుల్‌బ్రింగ్ దగ్గర పరిశోధన ముగించుకుని స్వదేశం చేరిన మాలీ హోల్మన్ కలిసి గినీపంది శుక్రవాహికను తీసుకున్నారు. వీర్యకణాలను మోసే ఈ గొట్టం గోడలో సహానుభూత నరాలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. ప్రేరణ లేకుండా ఈ కండరం తనంతట తాను కదలదు. గాజు మొనకు ఇది ఎంతో అనువైన కండరం.

మొన ఒక కణంలోకి దిగగానే ఆసిలోస్కోప్ తెరమీది గీత కిందికి జారి విశ్రాంతి శక్మం దగ్గర నిలిచింది. నరానికి ఒక ప్రేరణ ఇచ్చారు. గీత కొద్ది మిల్లీవోల్టులు పైకి లేచి, మెల్లగా వాలింది. రెండో ప్రేరణకు అల ఇంకొంచెం పెద్దదైంది, మూడోదానికి మరికొంత. ప్రేరణలను దగ్గర చేస్తే ఒక అల వాలకముందే మరొకటి దానిపైకెక్కింది. అలా మెట్లు మెట్లుగా పేరుకుని హద్దు దాటగానే క్రియాశక్మం నిటారుగా ఎగసింది, కండరం ముడుచుకుంది. 1960, 1961లలో ప్రచురించిన ఈ అలలకు ఉద్దీపన సంధి శక్మాలు అని పేరు పెట్టారు. కాలి కండరంలో నరం పంపే ఒక్క సంకేతం ఒక్క కుదుపుకు సరిపోతుంది. ఇక్కడ ఒక్కటి చాలదు. అల కూడా నిదానం, అర సెకనుకు అటూ ఇటూగా సాగుతుంది. ఆజ్ఞలను కూడబెట్టుకుని స్పందించడం ఈ కండరం స్వభావమని ఆ గీత చెప్పింది.

నరాన్ని తాకకుండా ఊరకే ఉంచినా అప్పుడప్పుడు చిన్న చిన్న అలలు వాటంతట అవే రావడాన్ని 1962లో వారిద్దరూ నమోదు చేశారు. కాలి కండరంలో బెర్నార్డ్ కట్స్, పాల్ ఫాట్ అంతకు పదేళ్ల ముందే ఇలాంటివి చూశారు. నరం కొస తన రసాయనాన్ని పొట్లాలుగా కట్టి ఉంచుతుందని, ఒక్కో పొట్లం విప్పుకుంటే ఒక్కో చిన్న అల పుడుతుందని దీని అర్థం.

అదే ఏడాది స్వీడన్‌లో బెంగ్ట్ ఫాల్క్, నిల్స్-ఓకె హిల్లార్ప్ బృందం నార్ ఎడ్రినలిన్‌ను కంటికి చూపించింది. గడ్డకట్టించి ఎండబెట్టిన కణజాలానికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి పట్టిస్తే ఆ పదార్థం ఉన్న చోటల్లా వెలుగుతుంది. అలా చూసినప్పుడు సహానుభూత నరం చివరి భాగం పూసలు గుచ్చిన దారంలా కనిపించింది. ఒక్కో పూస వెడల్పు ఒకటి, రెండు మైక్రోమీటర్లు. రసాయనపు పొట్లాలు ఉండేది ఆ పూసల్లోనే. కాలి కండరంలోలా నరం ఒక తంతువు మీద ఒకే చోట అతుక్కుని ముగియదు. కండరకణాల మధ్య పారుతూ, దారి పొడవునా పూసల దగ్గర పదార్థాన్ని వదులుతుంది.

అన్ని కణాలకూ పూసలు దగ్గరగా ఉండవు. అయినా అన్నీ కలిసే కదులుతాయి. పక్కపక్క కణాల త్వచాలు కొన్నిచోట్ల కలిసిపోయి విద్యుత్తుకు దారి ఇస్తున్నాయని మేనార్డ్ డ్యూయీ, లాయిడ్ బార్ 1962లో చూపారు. ఒక కణంలో లేచిన అల పొరుగు కణాలకు పాకుతుంది. కాబట్టి నరం మాట్లాడేది ఒక్క కణంతో కాదు, కణాల మోపుతో.

సుబ్బారావు పదార్థం, కొత్త పాత్ర

లాంగ్లీ నాటి శేషం మళ్లీ తలెత్తింది 1960ల మొదట్లో, మెల్‌బోర్న్‌లోనే. పేగు పట్టీకి పంచదార పద్ధతి అమర్చి, అట్రోపిన్ వేసి అసిటైల్ కోలిన్‌ను అడ్డుకున్నారు. మరో మందుతో సహానుభూత నరాలనూ మూయించారు. ఇక పాఠం ప్రకారం నరాలు మూగబోవాలి. ప్రేరణ ఇస్తే గీత కదలకుండా ఉండలేదు, కిందికి దిగింది. కణం లోపల మరింత రుణాత్మకమైంది, కండరం సడలింది. దీన్ని నిరోధక సంధి శక్మం అన్నారు. బర్న్‌స్టాక్, హోల్మన్, గ్రేమ్ క్యాంప్‌బెల్, మ్యాక్స్ బెన్నెట్ 1963, 1964లలో ఈ ఫలితాలు ప్రచురించారు. తెలిసిన రెండు రకాలకూ చెందని మూడో నరం ఒకటి ఉందని తేలిపోయింది.

ఆ నరం ఏం విడుదల చేస్తోంది? ఎన్నో పదార్థాలను పరీక్షించాక 1970లో బర్న్‌స్టాక్ బృందం ఇచ్చిన జవాబు ఏటీపీ. ఆ పేరు వినగానే తెలుగువారికి గుర్తొచ్చేది భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన కండరంలోని భాస్వరపు పదార్థాలను వెతికారు. కండరం వాడుకునే శక్తికి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వారు బయటపెట్టారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా 1929లోనే విడిగా ఏటీపీని కనుగొన్నారు. అప్పటి నుంచి ఏటీపీ అంటే ప్రతి కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం. అంత సర్వసామాన్యమైన, అంత విలువైన పదార్థాన్ని నరం వార్త పంపడానికి బయట పారబోస్తుందంటే చాలామంది నమ్మలేదు. 1972లో బర్న్‌స్టాక్ ఈ నరాలకు ప్యూరినర్జిక్ నరాలు అని పేరు పెట్టాక కూడా సందేహం ఇరవై ఏళ్లు వెంటాడింది.

శుక్రవాహికలోనూ ఒక చిక్కు మిగిలి ఉంది. అక్కడి నరం నార్ ఎడ్రినలిన్‌దే అయితే, దాన్ని అడ్డుకునే మందులు వేయగానే సంధి శక్మాలు మాయం కావాలి. అవి తగ్గలేదు. ఒకే నరం ఒకటికి మించి పదార్థాలను విడుదల చేయవచ్చని 1976లో బర్న్‌స్టాక్ ప్రతిపాదించారు. 1982 నుంచి 1984 వరకు పీటర్ స్నెడన్, డేవిడ్ వెస్ట్‌ఫాల్, బర్న్‌స్టాక్ తదితరులు ఏటీపీని పట్టుకునే త్వచపు గ్రాహకాలను మొద్దుబార్చే పదార్థాలను ప్రయోగించారు. 1960లో తెరమీద తొలిసారి లేచిన ఆ అలలు అప్పుడు అణగిపోయాయి. వాటిని పుట్టించింది ఏటీపీ అని, నార్ ఎడ్రినలిన్ దానితోపాటే విడుదలై వేరే పని చేస్తోందని స్పష్టమైంది. ఏటీపీ తగలగానే త్వచంలోని ద్వారాలు తెరుచుకుని సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి, సంకోచం చప్పున మొదలవుతుంది. నార్ ఎడ్రినలిన్ కణం లోపలి కాల్షియం నిల్వలను విప్పిస్తుంది, సంకోచం నిదానంగా వచ్చి నిలకడగా ఉంటుంది.

1994లో ఎలుక శుక్రవాహిక నుంచే ఆ గ్రాహకపు జన్యువును వేరుచేయడంతో సందేహాలు సద్దుమణిగాయి. దానికి పీ2ఎక్స్1 అని పేరు. అది లేకుండా పెంచిన మగ ఎలుకల్లో సంతాన సామర్థ్యం బాగా పడిపోయిందని 2000లో వెల్లడైంది. అట్రోపిన్‌కు లొంగని మూత్రాశయపు సంకోచంలోనూ ఏటీపీ పాత్ర బయటపడింది. లాంగ్లీ, ఆండర్సన్ రాసిపెట్టిన ప్రశ్నకు అలా జవాబు దొరికింది.

ఒక్క పూస, ఒక్క పేగు ముక్క

1987లో ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ బ్రాక్, టామ్ కనేన్ నరం మీద కొద్ది పూసలనే కప్పేలా సన్నని ఎలక్ట్రోడ్ ఆనించి, నరం సంకేతాన్నీ పదార్థం విడుదలనూ ఒకేసారి నమోదు చేశారు. సంకేతం తప్పకుండా పూసను చేరుతోంది. పొట్లం మాత్రం అరుదుగానే విప్పుకుంటోంది. ఎక్కువసార్లు పూస మౌనంగా ఉండిపోతుంది. అయినా ఒక నరంలో పూసలు వేలల్లో ఉంటాయి కాబట్టి, ఏ క్షణంలోనైనా కొన్ని పలుకుతూనే ఉంటాయి.

పేగులోని నిరోధక అలకు కారణం కూడా విడమర్చి తెలిసింది. శుక్రవాహికలోలా కాకుండా, ఇక్కడ ఏటీపీ తగిలినప్పుడు త్వచంలోని పొటాషియం ద్వారాలు తెరుచుకుని ఆ అయాన్లు బయటికి పోతాయి, లోపల రుణావేశం పెరుగుతుంది. తేనెటీగ విషంలోని అపమిన్ ఆ ద్వారాలను మూసేస్తుందని 1979లో తెలిసింది. 1990 నాటికి నైట్రిక్ ఆక్సైడ్ వాయువు కూడా ఈ నరాల వార్తాహరుల్లో చేరింది. కండరకణాలకూ నరాలకూ మధ్య స్పెయిన్ శాస్త్రవేత్త కాహాల్ పేరు మీద ఉన్న ప్రత్యేక కణాలు పేగు లయను పుట్టిస్తాయని 1990లలో రుజువైంది. నరాల ఆజ్ఞలు కండరానికి చేరే దారుల్లో అవీ ఒకటి.

ఈ సంకేతం లేకపోతే ఏమవుతుందో హర్ష్‌స్ప్రుంగ్ వ్యాధి చూపుతుంది. కోపెన్‌హేగన్ పిల్లల వైద్యుడు హరాల్డ్ హర్ష్‌స్ప్రుంగ్ 1886లో దీన్ని వర్ణించారు. ఈ జబ్బుతో పుట్టిన పసిబిడ్డల్లో పెద్దపేగు చివరి భాగం గోడలో నాడీకణాలే ఉండవు. కండరం ఉంటుంది, రక్తం అందుతుంది, సంకోచించే శక్తి కూడా ఉంటుంది. సడలమని చెప్పే నరం ఒక్కటే లేదు. ఆ ముక్క బిగుసుకుపోయి మలం కదలదు, దానికి పైనున్న పేగు ఉబ్బిపోతుంది. ఆ ముక్కలో గాజు మొన దించి చూసినవారికి నిరోధక సంధి శక్మం కనిపించలేదు. 1948లో ఆర్వర్ స్వెన్సన్ ప్రచురించిన శస్త్రచికిత్సలో, నాడీకణాలు లేని ఆ ముక్కను కోసి తీసి, నాడీకణాలున్న పేగును కిందికి లాగి మలద్వారం దగ్గర కుడతారు. అట్రోపిన్ ఇచ్చినా జీర్ణాశయం సడలుతోందని 1898లో లాంగ్లీ రాసిన స్పందన, ఆ బిడ్డల పేగులో లేని స్పందన ఒకే కోవకు చెందినవి.